పిల్లల చేతులకు పట్టు

పరీక్షకు నలభై రోజులు

ఇన్నేళ్ళలో నేను ఏదీ రాసి ఎరుగను. సొరంగపేటలో ఎవరూ రాయరు. నోటితో చెబితే గోడబాబు రాసుకుంటాడు. గోడబాబు మనిషి కాదు. గోడల్లో ఉండి మన మాట విని తలుపులు తీస్తాడు, దీపాలు వేస్తాడు, గిన్నెలో గంజి పోస్తాడు. పేటలో అందరి మాటా వింటాడు, నాది తప్ప. నాది పుట్టుకతో చిన్న గొంతు.

నిన్న సాయంత్రం అంగన్‌వాడీ దినచర్య చెబుతూ, "ఈ రోజు పిల్లలు పిండి పిసికారు" అన్నాను. గోడబాబు "ఈ రోజు పిల్లలు పిల్లిని పిసికారు" అని రాసుకున్నాడు. ఇవాళ పొద్దున్నే ఇద్దరు మనుషులు వల పట్టుకుని వచ్చారు. పేటలో పిల్లి లేదు. ఆ మాటకొస్తే చంద్రుడి మీదే పిల్లి లేదు. ఆ సంగతి వాళ్ళకీ తెలుసు. కానీ రాతలో ఉంది కాబట్టి వెతకాలన్నారు. బియ్యం డబ్బాల వెనక, పరుపుల కింద, చివరికి నా దేవుడి గూటిలో కూడా చూశారు. పిల్లలు మ్యావ్ మ్యావ్ అంటూ వాళ్ళ వెనకే పాకారు. మధ్యాహ్నం దాకా వెతికి, "పిల్లి పారిపోయినది" అని రాయించి వెళ్ళిపోయారు.

అందుకని ఇవాళ్టి నుంచి నా చేత్తో నేనే రాసుకుంటాను. కలం లేదు. గనిలో రాళ్ళ మీద గుర్తులు పెట్టే పెన్సిల్ ఒకటి దొరికింది. కాగితం పిండి సంచులది.

రాయవలసిన అసలు సంగతి పిల్లి కాదు. పోయిన నెల అవతలి పేటలో కరెంటు పోయి గోడబాబు మూగబోయాడు. పెద్దవాళ్ళు గనిలోంచి వచ్చేదాకా ఆరుగురు పిల్లలు మూడు గంటలు ఒక గదిలో ఉండిపోయారు. తలుపుకు లోపలా బయటా చేత్తో తిప్పే చక్రం ఉంది. దాన్ని తిప్పే బలం ఒక్కరి చేతిలోనూ లేదు. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. ఇప్పుడు ఉత్తర్వు వచ్చింది. నాలుగేళ్ళు నిండిన ప్రతి బిడ్డా ఒక్క నిమిషంలో, ఎవరి సాయమూ లేకుండా, ఆ చక్రం తిప్పి తలుపు తెరవాలి. తెరవలేని బిడ్డను ఏడాదిపాటు పెద్దగుట్ట హాస్టల్లో ఉంచి కసరత్తు చేయిస్తారు. అమ్మానాన్నలు నెలకొకసారి అద్దం అవతల నుంచి చూడవచ్చు.

నా దగ్గర పదకొండు మంది ఉన్నారు. సింహాద్రి అప్పన్నా, పదకొండు జతల చేతులు నీ మీద వేస్తున్నాను.

పరీక్షకు ముప్పై ఎనిమిది రోజులు

ఇవాళ పిల్లలను చక్రం దగ్గరకు తీసుకువెళ్ళాను. అన్నం పళ్ళెమంత ఇనుప చక్రం. పదిమంది వరసగా వచ్చి దాన్ని తడిమి, నిమిరి, ఒకడు నాకి, వెళ్ళిపోయారు. చివరగా ఊర్వి వచ్చింది. ఐదేళ్ళది. పేటలో దాని గొంతంత పెద్ద గొంతు ఇంకొకటి లేదు. అది ఇంట్లో మాట్లాడితే మూడు గదుల అవతల దీపాలు వెలుగుతాయి. చక్రం ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"సక్రమా, తిరుగు."

అది తిరగలేదు.

"నీకే సెప్తన్నాను. తిరగవేటి?" అని, గోడవైపు చూసి, "గోడబాబూ, దీనికి సెవుడా?" అంది.

"ఆ వస్తువు నా ఆధీనంలో లేదు" అన్నాడు గోడబాబు.

"అయితే ఇది పాడైపోనాది ఆయమ్మా. కొత్తది తెప్పించీ."

మెల్లిగా దాని రెండు చేతులూ తీసుకుని చక్రం మీద పెట్టాను. చల్లారిన ఇడ్లీల్లా ఉన్నాయి. చెంచా పట్టుకోవు, బొత్తాం పెట్టుకోవు, జడ విప్పుకోవు. వాటికి ఇంతవరకూ పని పడలేదు.

నా చేతులకు మాత్రం బలం ఉంది. అందులో గొప్పేమీ లేదు. గోడబాబుకు నా మాట వినపడక ఇరవై ఏళ్ళుగా ప్రతి తలుపూ చేత్తో తిప్పుకుంటున్నాను, అంతే.

పరీక్షకు ముప్పై మూడు రోజులు

పిండితో ఆడిస్తున్నాను. దేవుడికి ఒత్తులు చేయిస్తున్నాను. ఇక్కడ నిప్పు వెలిగించకూడదు కాబట్టి ఆ ఒత్తులు వెలగవు. డబ్బాలో నిండుతున్నాయి. అయినా దూదిని రెండు వేళ్ళతో నలిపి పురిపెట్టడం కంటే మంచి ఆట నాకు తెలియదు. కానీ ఇది చాలదు. మెత్తటి బంతులో, సాగే తాళ్ళో ఉంటే బాగుండునని గోడ దగ్గరకు వెళ్ళి, గొంతు చించుకున్నంత పని చేసి అడిగాను.

"గోడబాబూ, పిల్లల చేతులకు పట్టు కావాలి. పదకొండు మందికి. తొందరగా కావాలి."

"విన్నాను" అన్నాడు.

ఇరవై ఏళ్ళలో మొదటిసారి నా మాట అక్షరం తప్పకుండా విన్నాడు. సామాను పెట్టె ఇవాళ వచ్చింది. తెరిచి చూస్తే పదకొండు జతల చేతి తొడుగులు. ఎర్రటి పట్టు. జరీ అంచు.

"ఇదేమిటి బాబూ?" అన్నాను.

"అడిగినది. పిల్లల చేతులకు పట్టు."

తిరిగి పంపుదామంటే పిల్లలు అప్పటికే తొడిగేసుకున్నారు. సాయంత్రం తీసుకువెళ్ళడానికి వచ్చిన తల్లులు చూసి, ఎవరూ విప్పనివ్వలేదు. పేటలో పట్టు కంటపడి పన్నెండేళ్ళయింది. ఊర్వి తల్లి సత్యవేణి మంచు గనిలో మర నడుపుతుంది. ఆ పిల్ల తన కూతురి చేతిని అలాగే చెంపకు ఆనించుకుని, "ఒక్క నిమిషం ఉండనీ అక్కా" అంది. తొడుగులు విప్పకుండానే పంపించాను.

పరీక్షకు ముప్పై ఒక్క రోజు

పట్టు తొడుగులతో పిల్లలు ఏదీ పట్టుకోలేకపోతున్నారు. చెంచా జారుతుంది, గ్లాసు జారుతుంది. ఇక్కడ జారింది చప్పున పడిపోదు. నింపాదిగా దిగుతుంది. గ్లాసు జారిన ప్రతిసారీ పదకొండు మందీ అన్నం మానేసి, అది నేలను చేరేదాకా చూస్తారు. చేరాక చప్పట్లు కొడతారు. భోజనానికి రెండు గంటలు పట్టింది.

విసుగొచ్చి, "ఎవరి తొడుగు వాళ్ళు తీసెయ్యండి నాన్నా" అన్నాను. తీయడం ఎవరికీ చేతకాలేదు. మణికట్టు దగ్గర బిగుతుగా ఉన్నాయి. అప్పుడు జయంత్ అనేవాడు ఊర్వి చెయ్యి పట్టుకుని లాగాడు. జారిపోయింది. ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. జారిపోయింది. ఊర్వికి కోపం వచ్చి కాళ్ళు వాడి పొట్టకు తన్నిపెట్టి వాడి తొడుగు లాగింది. అది ఊడి వచ్చింది, ఆ అమ్మాయి వెనక్కి తేలుకుంటూ గోడ దాకా పోయింది. లేచి, "మళ్ళీ" అంది.

ఇక సాయంత్రం దాకా అదే ఆట. జారే గుడ్డ కాబట్టి వేళ్ళు బిగించక తప్పదు. నేను పక్కన కూర్చుని ఒత్తులు చేసుకుంటూ లెక్కపెట్టాను. ఒక్కొక్కరు నలభైసార్లకు తక్కువ లాగలేదు. వెళ్ళేముందు గోడ దగ్గరకు వెళ్ళి, "బాబూ, పట్టు బాగుంది" అని చెప్పాను. "చుట్టు బాగుంది, నమోదు చేశాను" అన్నాడు.

పరీక్షకు ఇరవై ఆరు రోజులు

ఒప్పులకుప్ప ఆడించాను. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, చేతులు అడ్డంగా పట్టుకుని గిర్రున తిరగాలి. కింద, భూమి మీద మా ఊళ్ళో, చెయ్యి జారితే కూలబడేవాళ్ళం. ఇక్కడ ఎగిరిపోతారు. మొదటి జంటలో జయంత్ చెయ్యి జారి వెళ్ళి దిండ్ల అలమరలో ఇరుక్కున్నాడు. కాళ్ళు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. లోపలినుంచి నవ్వు వినిపిస్తోంది.

అక్కడితో ఆట చెడింది. అందరూ కావాలని చేతులు వదలడం మొదలుపెట్టారు. "నన్నొగ్గీ, నన్నొగ్గీ" అని వరస కట్టారు. పట్టు నేర్పబోతే వదలడం నేర్చుకున్నారు. చివరికి ఒక నియమం పెట్టాను. ఇరవై చుట్లు చెయ్యి వదలని జంటకు దేవుడి గూట్లో దీపం మీట నొక్కే హక్కు. అది పేటలో చేత్తో నొక్కే ఒకే ఒక్క మీట. నేనే అడిగి పెట్టించుకున్నాను. దానికోసం పిల్లలు ప్రాణం పెడతారు. సాయంత్రానికి అప్పన్న స్వామికి దీపం తొమ్మిదిసార్లు వెలిగింది, తొమ్మిదిసార్లు ఆరింది. స్వామి ఏమీ అనుకోడనే నా నమ్మకం.

పరీక్షకు ఇరవై రోజులు

ఊర్వి నాయనమ్మ పారమ్మ పిన్ని వచ్చింది. ఆవిడ కింద ఉన్న రోజుల్లో ఉలవలు, కందులు తిరగలి పట్టి విసిరిన మనిషి. మాటలో ఇప్పటికీ తిరగలి చప్పుడే.

"ఏటే సింహాసలం, మా గుంట ఏళ్ళు కందిపోనాయి. ఏటి సేయించినావు?"

"తొడుగులు లాగే ఆట, పిన్నీ."

"ఏటీ? గట్టిగా సెప్పు. పేరులో సింవ్వాన్నెట్టుకుని పిల్లిలాగ మాటాడతావు. ఆ వల అట్టుకొచ్చినోళ్ళు సూసుకోనేదు గానీ, ఆ పిల్లివి నువ్వే."

నేను మళ్ళీ చెప్పాను. ఆవిడ ఊర్వి చేతులు తన చేతుల్లోకి తీసుకుని ఊదింది.

"ఇయి పువ్వులు. నానుండగా దీనికేటి ఖర్మ? ముద్ద నానెడతాను, జడ నానేస్తాను, తలుపు నాను తీస్తాను."

"చక్రం తిప్పలేకపోతే పెద్దగుట్టకు పంపేస్తారు, పిన్నీ."

"నానూ ఎల్తాను."

"పెద్దవాళ్ళను ఉండనివ్వరు. నెలకొకసారి చూడటమే."

ఈ మాట నేను మామూలు కంటే చిన్నగా అన్నాను. అయినా ఆవిడకు వినపడింది. ఊర్విని చంకకెత్తుకుంది. ఇక్కడ ఐదేళ్ళ పిల్లను ఎత్తుకోవడం ఎవరికీ కష్టం కాదు. దించడమే కష్టం. గుమ్మం దగ్గర ఆగి, "అది తిప్పనేదంటావా?" అంది, నావైపు చూడకుండా.

"నేర్పితే తిప్పుతుంది. ఇంట్లో కూడా చేతులకు పని ఉండాలి."

"నా సేత కాదే. అది అడిగితే నాను కాదననేను."

పరీక్షకు పదహారు రోజులు

పారమ్మ పిన్ని అన్న మాటే నాకు దారి చూపించింది. అడిగితే కాదనలేదు కదా. నిన్న ఊర్విని పక్కన కూర్చోబెట్టుకుని, "ఇవాళ్టినుంచి ఇంట్లో మామ్మ ఆట ఆడాలి. నువ్వు మామ్మవి. మామ్మ నువ్వు" అని చెప్పాను.

ఇవాళ సత్యవేణి వచ్చి రాత్రి ఇంట్లో జరిగింది చెప్పి నవ్వలేక కూర్చుంది. ఊర్వి పళ్ళెంలో అన్నం, పప్పు వేసుకుని, "గుంటా, ఇలాగొచ్చి కూకో" అని నాయనమ్మను పిలిచిందట. అన్నం పిసికి పిసికి ముద్దలు చేసి నోట్లో పెట్టిందట. పారమ్మ పిన్ని చాలంటే, "ఇంకొక్క ముద్ద, ఎదిగే గుంటవి" అందట. ముద్ద నోట్లో ఉన్నంతసేపూ ఆవిడ తిట్టలేదని, ఇంట్లో ఇంత నెమ్మది తను కాపురానికి వచ్చిన తరవాత ఎన్నడూ ఎరగనని సత్యవేణి అంది.

పరీక్షకు తొమ్మిది రోజులు

మామ్మ ఆట ముదిరింది. ఊర్వి ఇప్పుడు పారమ్మ పిన్నికి జడ వేస్తోంది, నూనె పెడుతోంది, రవిక బొత్తాలు పెడుతోంది. పూటకు పద్నాలుగు ముద్దలు. పారమ్మ పిన్ని కనిపించి, "దీని సక్రం తిరిగినా తిరక్కపోనా, నాను మాత్రం ఆ తలుపులో పట్టను" అంది.

చక్రం దగ్గరకు మళ్ళీ తీసుకువెళ్ళాను. పదిమంది తిప్పేశారు. జయంత్ నేను ఇరవై రెండు అంకెలు లెక్కపెట్టేలోగా తిప్పాడు. ఊర్వి సగం దాకా తిప్పి ఆగిపోయింది. మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ అక్కడే ఆగింది. అది అరవలేదు. నా కొంగులో మొహం పెట్టుకుని, "నాకు పెద్దగుట్ట ఇష్టం నేదు ఆయమ్మా" అంది. దాని నోట అంత చిన్న మాట నేను ఎన్నడూ వినలేదు.

అప్పన్నకు చెప్పుకున్నాను. పదిమందికి ఇచ్చావు. పదకొండో దానికి ఇవ్వకపోతే ఇచ్చినట్టు కాదు స్వామీ.

పరీక్షకు మూడు రోజులు

నిన్న ఊర్వి ఒకసారి తిప్పింది. ఇవాళ తిప్పలేదు. బలం ఉంది, తిప్పే వైపు మరచిపోతోంది. తెరవాలంటే ఎడమకు తిప్పాలి. అందుకని "ఎడమకి, ఎడమకి" అని అందరిచేతా చెప్పిస్తూ గది చుట్టూ తిప్పాను. సాయంత్రం పారమ్మ పిన్ని వచ్చి, "ఇంట్లో కూడా అదే గోల. నన్ను కూకోబెట్టి సెప్పిస్తన్నాది. ఎడమకి, ఎడమకి. నాకూ వొచ్చీసింది" అంది, బడి పాఠం ఒప్పజెప్పినట్టు.

పరీక్ష రోజు

చాలా పొద్దుపోయింది. అయినా ఇవాళే రాయాలి.

తనిఖీకి తవిటినాయుడు గారు వచ్చారు. మంచి మనిషి. పెద్దగుట్టలో రాళ్ళు తొలిచే యంత్రాల దగ్గర పనిచేసి వచ్చినాయన. చేతిలో గడియారం, మెడలో ఒక పలక. ముందే చదివి వినిపించారు. "బిడ్డ ఒక్కతే తిప్పాల. బయటోళ్ళు సక్రం మీద సెయ్యేస్తే ఆ బిడ్డ తప్పినట్టే లెక్క. మళ్ళీ పరీచ్చ ఏడాదికే." తల్లులను, తండ్రులను తలుపు అవతల వరండాలో నిలబెట్టారు. తలుపుకు రెండు గాజు కిటికీలు ఉన్నాయి, ఒకటి పెద్దవాళ్ళ ఎత్తున, ఒకటి పిల్లల ఎత్తున. ఆ తరవాత గదిలో గోడబాబు నోరు మూయించారు. "కూర్చోండి నాన్నా" అన్నాను. పదకొండు మందీ ఒక్కసారే కూర్చున్నారు.

పదిమంది తిప్పారు. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ బయట చప్పట్లు. మళ్ళీ మూసి, మళ్ళీ మొదలు. చివర ఊర్వి.

తవిటినాయుడు గారు గడియారం నొక్కారు. ఊర్వి రెండు చేతులూ వేసి ఎడమకు లాగింది. పావు తిరిగింది. సగం తిరిగింది. అక్కడ ఆగింది. ఆగడమే కాదు, మెల్లిగా వెనక్కి రావడం మొదలుపెట్టింది.

నేను పై కిటికీలోంచి చూశాను. అవతల పారమ్మ పిన్ని నిలబడి ఉంది. కళ్ళు గట్టిగా మూసుకుంది. రెండు చేతులూ అవతలి చక్రం మీద ఉన్నాయి. పెదవులు కదులుతున్నాయి. ఎడమకి, ఎడమకి.

రెండు చక్రాలకూ ఇరుసు ఒకటే. ఎదురుగా నిలబడినవాళ్ళ ఎడమ మనకు కుడి. ఆవిడ తన ఎడమకు, అంటే మూసే వైపుకు, ప్రాణం పెట్టి తిప్పుతోంది. మిగతా పెద్దవాళ్ళంతా గాజులోంచి పిల్లనే చూస్తున్నారు. ఆవిడ చేతులవైపు ఎవరూ చూడటం లేదు.

తవిటినాయుడు గారి చూపు గడియారం మీద ఉంది. "నలభై" అన్నారు.

నేను నోరు తెరిచాను. చెబితే బిడ్డ తప్పినట్టే. చెప్పకపోతే బిడ్డ ఓడిపోతుంది. అప్పన్న తప్ప వేరే ఎవరూ తోచలేదు.

ఊర్వి ఆగి, తల ఎత్తి తన ఎత్తున ఉన్న కిటికీలోంచి చూసింది. తరవాత కాళ్ళు రెండూ నేల మీదినుంచి తీసి తలుపు చట్రానికి తన్నిపెట్టింది. చక్రానికి వేలాడుతూ ఒళ్ళంతా వెనక్కి వంచింది. దాని వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. చక్రం ఒక నువ్వుగింజంత ఎడమకు జరిగింది. మళ్ళీ ఒక నువ్వుగింజంత. తిరగలి పట్టిన చేతులతో ఐదేళ్ళ పిల్ల తలపడుతోంది. ఆ సంగతి ఆ చేతులకు తెలియదు.

"యాభై" అన్నారు.

చక్రం గిర్రున తిరిగింది. తలుపు లోపలికి తెరుచుకుంది. తలుపుతోపాటే పారమ్మ పిన్ని కూడా నింపాదిగా తేలుతూ లోపలికి వచ్చి, దిగి, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని నిలబడింది.

"యాభై ఏడు" అని తల ఎత్తారు తవిటినాయుడు గారు. "ఈవిడెవురు?"

"దీని మామ్మని. నానేటీ ముట్టుకోనేదు" అంది పిన్ని, ఎవరూ అడగకుండానే.

ఆయన చక్రం దగ్గరకు వెళ్ళి ఒంటి చేత్తో తిప్పి చూశారు. సులువుగా తిరిగింది. నావైపు చూశారు.

"ఆయమ్మగోరూ, మజ్జిలో సక్రం ఎనక్కి తిరిగినట్టు అనిపించినాది. ఏటైనా జరిగినాదా?"

నేను అబద్ధం ఆడను. ఈ వయసులో కొత్తగా మొదలుపెట్టలేను. "బయటినుంచి మామ్మ పట్టుకుంది బాబూ. మూసే వైపుకు" అన్నాను. నా గొంతుతోనే అన్నాను. బయట తల్లులు చప్పట్లు కొడుతున్నారు. జయంత్ ఏదో అరుస్తున్నాడు. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఆఁ?" అన్నారు.

ఒకసారి చెప్పాను. రెండోసారి చెప్పలేదు.

"సరే సరే, నూనె ఎయ్యించండి" అని పలక మీద వేలు పెట్టి, పదకొండు మందీ గట్టెక్కినట్టు రాసుకున్నారు. సత్యవేణి గని టోపీతోనే పరుగెత్తుకొచ్చి కూతురిని ఎత్తుకుంది.

పరీక్ష అయిన మర్నాడు

పారమ్మ పిన్ని పొద్దుటినుంచి పేటంతా తిరుగుతోంది. "గుంట సగం తిప్పి ఒగ్గీసింది. నాను అటేపునుంచి ఓ పట్టు పట్టబట్టి తిరిగినాది. తవిటినాయుడికి సెప్పకండి" అని ఇంటింటికీ చెబుతోంది. వినని ఇల్లు లేదు. అందరూ మెచ్చుకుంటున్నారు. ఆవిడ చేతులకు వాపు వచ్చింది. ఆ వాపును కూడా చూపిస్తోంది.

ఊర్వి నా పక్కన కూర్చుని పిండి పిసుకుతోంది. కాసేపటికి నా చెవిలో నోరు పెట్టింది.

"ఆయమ్మా, మామ్మ అటు తిప్పింది. నాను ఇటు తిప్పినాను."

"నీకు తెలుసా తల్లీ?"

"గాజులోంచి సూసినాను."

"మరి మామ్మకు చెప్పలేదేం?"

పిండి ముద్దను రెండు అరచేతుల మధ్యా గుండ్రంగా చేసింది. "సెప్తే ఏడుస్తాది. ఏడిస్తే ముద్ద తినదు" అంది.

నా తరవాత ఈ అంగన్‌వాడీకి వచ్చే ఆయమ్మా, ఈ సంచి కాగితాలు బియ్యం డబ్బా అడుగున పెడుతున్నాను. ఇవి పారేయకండి. ఏ ఆటతో ఏ వేలుకు బలం వస్తుందో ఇందులో ఉంది, మీకు పనికొస్తుంది. కానీ ఎవరికీ చూపించకండి. పారమ్మ పిన్ని ఉన్నా లేకపోయినా, ఊర్వి పెద్దదైనా, చూపించకండి. ఒకసారే చెప్పి ఊరుకున్న నా తప్పు కూడా ఇందులోనే ఉంది. దాని లెక్క అప్పన్నకూ నాకూ మధ్య. చదివేటప్పుడు పెదవులు కదపకండి. గోడ వింటుంది. మీ గొంతు నాదంత చిన్నదో కాదో నాకు తెలియదు.